52లోంచి 27 తీస్తే 35: మా కాంప్లెక్స్ లెక్కల డైరీ, 2024-25

జూన్ 2024

నేను జోగులాంబ గద్వాల జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంట్‌ని. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న మా నేలను నడిగడ్డ అంటారు. మా హైస్కూలే కాంప్లెక్స్ స్కూలు. చుట్టుపక్కల ఊళ్ల ప్రైమరీ బడులన్నీ దీని కిందికే వస్తాయి. వాటిలో ఐదో తరగతి అయిపోయిన పిల్లల్లో ఎక్కువమంది జూన్‌లో మా ఆరో తరగతిలోనే చేరతారు. చేరిన వారం తిరక్కుండానే మా స్టాఫ్‌రూమ్‌లో పాత మాట మొదలవుతుంది: "ప్రైమరీలో ఏం చెప్పారో ఏమో, తీసివేతలు కూడా రావు." కాంప్లెక్స్ మీటింగ్‌లో ప్రైమరీ వాళ్ల జవాబూ పాతదే: "మా దగ్గరున్నప్పుడు చేసేవాళ్లు సార్, ఎండాకాలం సెలవుల్లో మర్చిపోయారు."

ఈ వాదన ఎన్నేళ్లయినా తెగదు, ఎందుకంటే రెండు వైపులా చేతిలో ఉన్నవి మార్కులే. నాలుగో తరగతి పిల్లకు లెక్కల్లో 50కి 22 వచ్చాయంటే ఆ పిల్లకు ఏది వచ్చో ఏది రాదో ఆ 22 చెప్పదు. అందుకని ఈ ఏడాది ఒక పని పెట్టుకున్నాం, మండల విద్యాధికారి (ఎంఈవో) గారు సరేనన్నారు. కాంప్లెక్స్‌లోని అన్ని బడుల్లో మూడు, నాలుగు, ఐదు తరగతులకూ, మా ఆరో తరగతికీ ఒకటే పేపరు. మార్కులు వేయం. తప్పు జవాబులను మాత్రం రాసి పోగేస్తాం. ఏ రకం తప్పు ఎక్కడ ఎక్కువుందో చూసి, పాఠం దానికే చెప్తాం.

పేపరు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. పల్లెల్లో పిల్లలకు చదువు, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేలో ప్రథమ్ సంస్థ ఊళ్లకెళ్లి పిల్లల్ని అడిగే వరుసే తీసుకున్నాం: 1 నుంచి 9 అంకెలు గుర్తుపట్టడం, 11 నుంచి 99 సంఖ్యలు గుర్తుపట్టడం, పదుల్లోంచి తెచ్చుకోవాల్సిన రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. దానికి మేం నాలుగు కలిపాం: చెప్పిన సంఖ్యను రాయడం, ఒక కూడిక, ఒక గుణకారం, ఒక పదసమస్య. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చేయించాలి. ఇది పెద్ద పని. రాతపరీక్ష అయితే గంటలో అయిపోతుంది కదా అని కొందరన్నారు. అయిపోతుంది, కానీ పక్కవాడి పేపరు చూసి రాసిన జవాబు మనకెందుకు?

చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం ప్రభుత్వం పెట్టిన తొలిమెట్టు కార్యక్రమం 2022 ఆగస్టు 15 నుంచి మన ప్రైమరీ బడుల్లో నడుస్తోంది కాబట్టి బేస్‌లైన్, అంటే మొదట్లోనే పిల్లల స్థాయి చూసే పరీక్ష, అనే మాట ఎవరికీ కొత్త కాదు. మార్కు వేయొద్దు అన్నదే అందరికీ వింతగా ఉంది. "మరి యాప్‌లో ఏం ఎక్కించాలి?" అని మొదటి ప్రశ్న. యాప్‌లో ఎక్కించేది ఎప్పటిలాగే ఎక్కించండి, ఇది మన సొంత నోట్‌బుక్ అని చెప్పాం.

ఈ నెలలో ఇంతకు మించి కదల్లేదు. రాష్ట్రమంతా ప్రమోషన్లు, బదిలీలు. ఎవరు ఏ బడిలో ఉంటారో వాళ్లకే తెలియకుండా ఉంటే తప్పుల రిజిస్టర్ గురించి మాట్లాడటానికి నాకే మొహమాటమైంది.

జూలై

కొత్త మేడమ్‌లు, సార్లు వచ్చి సర్దుకున్నారు. పేపరు అన్ని బడుల్లో అయింది. జవాబులన్నీ ఒకచోట పెట్టుకుని కాంప్లెక్స్ మీటింగ్‌లో మధ్యాహ్నమంతా వాటిమీదే కూర్చున్నాం.

నాకైతే ఈ ఏడాది మొత్తంలో ఇదే గొప్ప మధ్యాహ్నం. ఎందుకంటే పిల్లలు ఊరికే తప్పు చేయడం లేదు. ఒక పద్ధతి ప్రకారం చేస్తున్నారు.

52 − 27కి జవాబు 35. ఒక బడిలో కాదు, ఒక తరగతిలో కాదు, అన్నిచోట్లా అదే 35. ఎలా వచ్చింది? ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీశారు, 5. పదుల్లో 5లోంచి 2 తీశారు, 3. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని ఒకటో తరగతిలో మనమే చెప్పాం. పిల్లలు దాన్ని నమ్మకంగా పాటిస్తున్నారు. 403 − 128 ఇస్తే అదే దారిలో 325 వస్తుంది. ఈ పిల్లకు "తీసివేత రాదు" అనడం తప్పు. తీసివేత వచ్చు, 52 అంటే ఐదు పదులు రెండు ఒకట్లు అన్నది రాదు.

38 + 47 కూడమంటే 715. ఎనిమిదీ ఏడూ పదిహేను కింద రాశారు, మూడూ నాలుగూ ఏడు పక్కన రాశారు. 47ను 6తో గుణించమంటే 2442. ఏడార్లు నలభై రెండు, నాలుగార్లు ఇరవై నాలుగు, రెండూ పక్కపక్కన. ఈ పిల్లలకు ఎక్కాలు వచ్చు! ఎక్కం తప్పలేదు, స్థానం తప్పింది.

మూడు వందల ఐదు రాయమంటే 3005. విన్నది విన్నట్టు రాశారు: మూడు వందలు అంటే 300, పక్కన 5. ఇంగ్లిష్ మీడియం వచ్చాక చిన్న తరగతుల్లో ఇంకొకటి చేరింది, థర్టీన్ అంటే 30 రాయడం.

618ని 6తో భాగిస్తే 13. మధ్యలో 1లో 6 పోదు కాబట్టి దాన్ని వదిలేసి 18కి వెళ్లిపోయారు. భాగఫలంలో సున్నా పెట్టాలని ఐదో తరగతిలో చాలామందికి తట్టలేదు, మా ఆరో తరగతిలోనూ తట్టలేదు. ఆరు వందల పైచిలుకును ఆరుగురికి పంచితే ఒక్కొక్కరికి పదమూడేనా అని అడిగితే కొందరు తలెత్తి నవ్వారు. కొందరు నవ్వలేదు, ఆ ప్రశ్నకూ కాగితం మీది లెక్కకూ సంబంధం ఉందని వాళ్లకు అనిపించలేదు.

ఇక పదసమస్య. బస్సులో 42 మంది ఉన్నారు, 15 మంది దిగారు, 8 మంది ఎక్కారు. ఎక్కువ వచ్చిన జవాబు 65. కనిపించిన అంకెలన్నీ కూడేశారు.

మీటింగ్ చివరికి బోర్డు మీద తప్పుల్ని కలిపి చూస్తే, పదసమస్యను పక్కన పెడితే, దాదాపు అన్నీ ఒకే చోటికి వస్తున్నాయి: పదులూ ఒకట్లూ. పదేళ్ల సర్వీసున్న మేడమ్ ఒకరు, "అంటే నాలుగో తరగతిలో నేను నాలుగు రకాల పాఠాలు వేరువేరుగా మళ్లీ మళ్లీ చెప్తున్నా, జబ్బు మాత్రం ఒకటే" అన్నారు. అంతవరకు ఈ పనిని అనుమానంగా చూసిన ఆవిడ ఆ తర్వాత మా అందరికంటే ముందు నడిచారు.

ఆగస్టు

రోజూ ఒక గంట. ఆ గంటలో తరగతులు ఉండవు, స్థాయిలే ఉంటాయి. మూడో తరగతి పాప, ఐదో తరగతి అబ్బాయి ఒకే గుంపులో కూర్చోవచ్చు. ప్రథమ్ వాళ్లు చాలా రాష్ట్రాల్లో చేయించినదీ, ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లోల బృందం ఏళ్ల తరబడి పరీక్షించి చూసినదీ ఇదే: వయసును బట్టి, తరగతిని బట్టి కాకుండా పిల్ల ఉన్న చోటు నుంచి మొదలుపెట్టడం.

వినడానికి బాగుంటుంది. ఇద్దరు టీచర్లున్న బడిలో గుంపులు మూడైతే ఎవరు చూస్తారు? ఒక్కరే టీచరున్న బడి సంగతి చెప్పనే అక్కర్లేదు. దానికి మేం చేసుకున్న సర్దుబాటు: రెండే గుంపులు. పదులు ఒకట్లు తెలియని వాళ్లు ఒకటి, తెలిసిన వాళ్లు ఒకటి. మొదటి గుంపుతో టీచర్ కూర్చోవాలి. రెండో గుంపుకు పని ఇచ్చి వదలాలి. మామూలుగా బళ్లలో దీనికి తిరగబడి జరుగుతుంది. వచ్చిన పిల్లలతో పాఠం నడుస్తుంది, రాని వాళ్లు వెనక వరసలో బోర్డు మీదిది ఎక్కించుకుంటూ ఉంటారు.

"మరి సిలబస్?" అన్న ప్రశ్న ప్రతి బడిలో వచ్చింది, రావాలి కూడా. నా జవాబు అందరికీ నచ్చలేదు. నాలుగో తరగతి పుస్తకంలో పెద్ద సంఖ్యల పాఠం చెప్పి సంతకం పెట్టుకుంటే సిలబస్ అయినట్టు కాగితం మీద ఉంటుంది, 3005 రాసే పిల్లకు మాత్రం ఏమీ కాదు. మిగతా రోజంతా పుస్తకమే చెప్పండి, ఆ గంట మాత్రం వదలండి అన్నాను.

సామాను: ఐస్‌క్రీం పుల్లలు, రబ్బరు బ్యాండ్లు, పిల్లలాట నోట్లు. గద్వాలలో హోల్‌సేల్ షాపులో పుల్లల పెట్టెలు చవగ్గానే దొరికాయి. అంతే. బోధన సామగ్రి (టీఎల్‌ఎం) మేళాల్లో థర్మాకోల్ మీద మెరుపు కాగితాలతో చేసిన మోడళ్లు చూస్తుంటాం. వాటిని పిల్లలు ముట్టుకుంటే పాడవుతాయని బీరువాలో పెడతారు. ముట్టుకోకూడని సామానుతో ఏం నేర్పుతామో నాకు అర్థం కాదు.

పాఠం ఇలా నడిపాం. 52 అంటే ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. 27 ఇవ్వు అంటే పిల్ల ముందు రెండు కట్టలు ఇచ్చేస్తుంది. ఏడు విడి పుల్లలు కావాలి, చేతిలో రెండే. ఇక్కడ ఆగాలి, ఏం చేయాలో చెప్పకూడదు. కాసేపటికి ఎవరో ఒకరు రబ్బరు బ్యాండ్ తీసేస్తారు. కట్ట విప్పితే పన్నెండు పుల్లలు, అందులో ఏడు ఇస్తే ఐదు మిగిలాయి, రెండు కట్టలున్నాయి, 25. ఈ పని పుల్లలతో చేతికి బాగా అలవాటయ్యాకే పలక మీద రాయించాలి. రాసేటప్పుడు కూడా పక్కన పుల్లలుండాలి. చాలా బడుల్లో తొందరపడే చోటు ఇదే. ఒకరోజు పుల్లలు, మర్నాడు బోర్డు. అప్పుడు మళ్లీ 35 వచ్చేస్తుంది.

నా ఆరో తరగతిలోనూ పుల్లలు తెప్పించాను. పెద్ద పిల్లలం, మాకు పుల్లలేంటని మొదటి రోజు మొహం ముడుచుకున్నారు. వాళ్ల చేతికి నోట్లు ఇచ్చా. వంద నోటు, పదుల నోట్లు, రూపాయి బిళ్లలు. 403లోంచి 128 ఇవ్వాలంటే వంద నోటును చిల్లర మార్చాలి, అందులో ఒక పదిని మళ్లీ మార్చాలి. నోట్లయితే పరువు నిలబడుతుంది.

సెప్టెంబర్

రాసుకోవడానికి తక్కువ, పోగొట్టుకున్నది ఎక్కువ. నెల మొదట్లోనే పెద్ద వానలు, 2వ తేదీన రాష్ట్రమంతటా బడులకు సెలవిచ్చారు. తర్వాత వినాయక చవితి. అది దాటితే సీడ్ పత్తి.

బయటివాళ్ల కోసం రెండు మాటలు. నడిగడ్డలో విత్తన పత్తి సాగు ఎక్కువ. హైబ్రిడ్ విత్తనం కావాలంటే ఆడ మొక్కల మొగ్గలను ముందురోజు చేత్తో సిద్ధం చేసి, మర్నాడు పొద్దున మగ పూలు తెచ్చి ఒక్కొక్కదానికీ రుద్దాలి. దాన్నే క్రాసింగ్ అంటారు. ఆ పని వారాల తరబడి రోజూ ఉంటుంది, ఒక్కరోజు ఆపినా నష్టమే. చిన్న చేతులకు బాగా వస్తుందని పిల్లల్ని తీసుకెళ్లడం ఇక్కడ ఏళ్లుగా ఉంది. చట్టాలు, తనిఖీలు, బ్రిడ్జి స్కూళ్ల వల్ల మునుపటికంటే తగ్గింది, పోలేదు. పెద్ద పిల్లలు చేలోకి వెళ్తే, వాళ్ల కింది పిల్లలు ఇంట్లో చంటివాళ్లను చూసుకోవడానికి ఆగిపోతారు.

కట్ట విప్పడం దగ్గర ఆగిన పిల్ల మూడు వారాలు రాకపోతే మళ్లీ మొదటికి వస్తుంది. రిజిస్టర్‌లో ఆ పిల్లల పేర్ల పక్కన మేం తప్పు రకంతో పాటు "ఎక్కడ ఆగింది" అన్నది కూడా రాయడం మొదలుపెట్టాం. తిరిగొచ్చినప్పుడు టీచర్‌కు వెతుక్కునే పని ఉండదు.

అక్టోబర్

దసరా సెలవులు 14తో అయ్యాయి. అదే వారంలో డీఎస్సీ, అంటే టీచర్ ఉద్యోగాల పరీక్ష, నెగ్గిన వాళ్లు వచ్చారు. 9న హైదరాబాద్ ఎల్‌బీ స్టేడియంలో నియామక పత్రాలు అందుకున్న కొత్త ప్రైమరీ టీచర్లు (ఎస్‌జీటీలు) మా కాంప్లెక్స్ బడుల్లోనూ చేరారు. ఒక్క టీచర్‌తో నడిచిన బడికి రెండో మనిషి రావడమంటే ఏమిటో ఆ బడిలో పనిచేసిన వాళ్లకే తెలుస్తుంది. అంతదాకా వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద, అంటే టీచర్ తక్కువున్న బడికి తాత్కాలికంగా, అటూ ఇటూ తిరిగిన సార్ కూడా తన బడికి తాను వెళ్లిపోయారు.

కొత్తవాళ్లకు పోటీ పరీక్షల లెక్కలు మంచినీళ్లు తాగినంత తేలిక. కాలం-పని, వడ్డీ లెక్కలు కళ్లు మూసుకుని చేస్తారు. 52 − 27 ఎందుకు 35 అవుతుందో చెప్పమంటే మాత్రం మొదట "కాదు కదా సార్, 25 కదా" అన్నారు. పిల్ల ఆలోచన పట్టుకోవడం వేరే విద్య. వాళ్లకు రెండు వారాల పాటు పాఠం చెప్పే పని ఇవ్వలేదు, తప్పు జవాబులు ఇచ్చి ఎలా వచ్చిందో కనిపెట్టమన్నాం. ఇష్టంగా చేశారు. 2442 ఎలా వచ్చిందో కనుక్కున్న అమ్మాయి, తన బడి రిజిస్టర్‌లో మేం చూడని తప్పు ఇంకొకటి పట్టింది: భిన్నాలలో 1/2కు 1/3 కలిపితే 2/5. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో. అది వచ్చే ఏడాదికి దాచుకున్నాం.

నవంబర్

6వ తేదీ నుంచి సమగ్ర ఇంటింటి కుటుంబ సర్వే. ఎస్‌జీటీలు, ప్రైమరీ హెచ్‌ఎంలు ఎన్యూమరేటర్లు, అంటే ఇంటింటికీ వెళ్లి వివరాలు రాసుకునేవాళ్లు. ప్రైమరీ బడులు మధ్యాహ్నం ఒంటి గంట దాకానే. మా లెక్కల గంట భోజనం తర్వాత ఉండేది. అది ఎగిరిపోయింది.

ఫోన్లలో చర్చించుకుని గంటను పొద్దున ప్రార్థన అయిన వెంటనేకి మార్చాం, వేరే దారి లేక. మార్చాక తెలిసింది అదే మంచి సమయమని. అన్నం తిన్నాక పుల్లలు చేతిలో పట్టుకుని జోగే పిల్లలు పొద్దున చురుగ్గా ఉన్నారు. బడికి ఆలస్యంగా వచ్చే అలవాటున్న వాళ్లు, గుంపులో తన పుల్లల కట్ట వేరేవాళ్లు తీసుకుంటున్నారని, కొంచెం ముందే వచ్చారు. సర్వే అయిపోయాక పాత టైమ్‌టేబుల్‌కి వెళ్దామా అంటే ఒక్క బడి కూడా ఒప్పుకోలేదు.

ఎక్కాల మీద పాత గొడవ ఒకటి కూడా ఈ నెల తేలింది. వల్లె వేయించడం పాతకాలం పద్ధతి, అర్థం చేసుకుంటే చాలు అనేవాళ్లు కొందరు. నేను ఆ పక్షం కాదు. ఎనిమిదో ఎక్కం నోటికి రాని పిల్ల భాగహారం మధ్యలో వేళ్లు లెక్కపెట్టుకుంటూ అసలు ఎక్కడున్నదో మర్చిపోతుంది. పొద్దున అందరూ కలిసి "ఏడెనిమిదులు యాభై ఆరు" అని పాడాల్సిందే. అయితే మర్చిపోయినప్పుడు మళ్లీ కట్టుకునే దారి కూడా ఉండాలి. ఏడైదులు ముప్పై ఐదు ప్రతి పిల్లకూ గుర్తుంటుంది, ఏడు మూళ్లు ఇరవై ఒకటి కలిపితే యాభై ఆరు. నాలుగో ఎక్కాన్ని రెట్టింపు చేస్తే ఎనిమిదో ఎక్కం. ఈ రెండు దారులు నేర్పాక వల్లె వేయడం తగ్గలేదు, మధ్యలో ఆగిపోయి బిక్కమొహం వేయడం తగ్గింది.

డిసెంబర్

4న దేశమంతటా పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్, పిల్లలు ఎంత నేర్చుకున్నారో చూసే కేంద్ర ప్రభుత్వ పరీక్ష. మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు. దానికి ముందు కొన్ని వారాలు బడులన్నీ మోడల్ పేపర్ల మీదే ఉన్నాయి. ఇచ్చిన జవాబుల్లో సరైనదానికి గుర్తు పెట్టడం మూడో తరగతి పిల్లకు లెక్కకంటే కష్టం. లెక్కల గంటను ఆ వారాల్లోనూ వదలొద్దని మీటింగ్‌లో గట్టిగానే అన్నాను, కొన్ని బడులు వదిలేశాయి. వాళ్ల మీద ఒత్తిడి నాకు తెలుసు, తప్పు పట్టను.

10 నుంచి సమగ్ర శిక్ష కాంట్రాక్ట్ ఉద్యోగుల సమ్మె. కాంప్లెక్స్ బడులన్నీ తిరిగే మా సీఆర్‌పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) కూడా అందులోనే, కాబట్టి ఆయన లేరు. బడి నుంచి బడికి రిజిస్టర్లు, పుల్లలు, కబుర్లు మోసేది ఆయనే. ఆయన లేని నెలలో కాంప్లెక్స్ అంటే ఆయనే అని అందరికీ తెలిసొచ్చింది. కొత్త ఏడాదిలో, సంక్రాంతికి ముందు సమ్మె ముగిసి ఆయన మళ్లీ బండి తీశారు.

ఈ నెల పని అంతా భాగహారం. 618ని ఆరుగురికి పంచాలి. వంద నోట్లు ఆరు, ఒక పది, ఎనిమిది రూపాయలు. తలా ఒక వంద అయింది. ఒక్క పది నోటును ఆరుగురికి ఎలా పంచుతావు? పంచలేం. అందుకే పదుల గడిలో సున్నా, ఆ పదిని చిల్లర చేస్తే పద్దెనిమిది రూపాయలు. నోట్లతో అందరూ చేశారు. కాగితం మీదికి వచ్చేసరికి సగం మంది సున్నా మళ్లీ మింగేశారు. లెక్క చేసే ముందు "జవాబు వందల్లో ఉంటుందా, పదుల్లోనా" అని ఊహించి ఒక మూల రాయమన్నాం. ఇది కొంత పనిచేసింది. మూలలో "వందలు" అని రాసుకున్న పిల్ల 13 దగ్గర ఆగి ఒకసారి చూసుకుంటోంది.

జనవరి - ఫిబ్రవరి 2025

జనవరి 28న అసర్ 2024 నివేదిక వచ్చింది. గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవాళ్లు 33.7 శాతం, ఐదో తరగతిలో భాగహారం చేయగలిగినవాళ్లు 30.7 శాతం. 2022లో ఇవి 25.9, 25.6. పెరిగాయి, అది సంతోషమే. మీటింగ్‌లో ఈ అంకెలు చదివితే ఒకరన్నారు, "మన దగ్గరే ఇలా ఉందనుకున్నా." దేశమంతా ఇలా ఉందన్న ఊరట మంచిదో కాదో గానీ, ఆ రోజు ప్రైమరీ వాళ్లూ హైస్కూల్ వాళ్లూ ఒకరినొకరు దెప్పుకోలేదు.

ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. బెనర్జీ, డఫ్లో, ఇంకొందరు కలిసి చేసింది. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో సరుకులు అమ్మే పిల్లల్ని 1,400 మందికి పైగా చూశారు. బేరంలో, చిల్లరలో చిక్కు లెక్కలు నోటితో సరిగ్గా చేసే పిల్లలు అవే లెక్కలు బడిలో మాదిరి కాగితం మీద ఇస్తే చేయలేకపోయారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లలు దీనికి తలకిందులు, కాగితం మీద మేలు, మార్కెట్ లెక్కలో తడబాటు.

మాకు ఇది పక్క ఊరి కథలా లేదు. మా ఆరో తరగతిలో ఒకబ్బాయి సంత రోజు వాళ్లమ్మ మిర్చి బజ్జీల బండి దగ్గర డబ్బులు చూస్తాడు. బోర్డు మీద 50 − 32 రాస్తే 22 అన్నాడు. సంతలో 32 రూపాయల బజ్జీలకు యాభై నోటిస్తే ఏం చేస్తావంటే క్షణంలో "పద్దెనిమిది" అన్నాడు. ఎలా? "ముప్పై రెండుకు ఎనిమిదిస్తే నలభై, ఇంకో పదిస్తే యాభై." తీసివేత చేయడం లేదు, పైకి కూడుకుంటూ పోతున్నాడు. ఆ పద్ధతినే బోర్డు మీద గీత గీసి, 32 నుంచి 40కి ఒక గెంతు, 40 నుంచి 50కి ఇంకో గెంతు పెట్టి తరగతికి చూపించమన్నాను. వాడే చెప్పాడు. తర్వాత 403 − 128 కూడా అలాగే చేశారు: 128 నుంచి 130కి 2, 130 నుంచి 200కి 70, అక్కణ్నుంచి 400కి 200, ఇంకో 3, మొత్తం 275. నిలువు తీసివేతలో ఎప్పుడూ తప్పే పిల్లలు కొందరు దీన్ని పట్టుకున్నారు. నిలువు పద్ధతి మానేయమని కాదు, రెండు దారుల్లో ఒకే జవాబు వస్తే పిల్లకే ధైర్యం.

అన్ని ప్రైమరీ బడులకూ ఈ గెంతుల గీత పంపాం. బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల తల్లులతో మాట్లాడినప్పుడు అడిగింది కూడా ఒక్కటే: కిరాణా షాపుకు పిల్లనే పంపండి, చిల్లర ఎంత రావాలో ముందే అడగండి. మహిళా సంఘం పుస్తకం రాసే ఒక అక్క నవ్వి, "ఇంకా నయం, ఇంట్లో కూర్చుని ఎక్కాలు చెప్పమంటారనుకున్నా సార్" అంది.

మార్చి

15 నుంచి ఒంటిపూట బడులు. హైస్కూల్లో 21 నుంచి టెన్త్ పరీక్షలు, నా టెన్షన్ నాది. ప్రైమరీ బడులకు ఈ నెల వెళ్లలేదు, వాళ్లే నడిపారు.

ఏప్రిల్

జూలైలో పెట్టిన పేపరునే అంకెలు మార్చి మళ్లీ పెట్టాం. ఈసారి ఒక బడి టీచర్లు ఇంకో బడి పిల్లల్ని చూశారు. ఎవరి బడిని వాళ్లే చూసుకుంటే కాస్త జాలి పడతాం.

35 రకం తప్పు బాగా తగ్గింది. క్రమంగా వచ్చిన పిల్లల్లో అక్కడక్కడా మాత్రమే ఉంది. 3005 దాదాపు పోయింది, పుల్లలు, నోట్లు దాన్ని తేలిగ్గా సరిచేశాయి. 2442 సగానికి తగ్గిందనుకోవచ్చు. భాగహారంలో సున్నా విషయంలో మెరుగు కొద్దిగానే. పదసమస్య కదల్లేదు. అన్నీ కూడేయడానికి బదులు ఈసారి ఎక్కినవాళ్లను కూడా తీసేశారు. దానికి కారణం లెక్క కాదు, చదువు. "దిగారు", "ఎక్కారు" చదివి మనసులో బస్సును చూడగలిగితేనే ఆ లెక్క వస్తుంది. తెలుగు గంటనూ లెక్కల గంటనూ కలపకుండా ఇది జరగదని నా అభిప్రాయం. కాంప్లెక్స్‌లో అందరూ దీనికి ఒప్పుకోలేదు.

సీడ్ పత్తి పనికి వారాల తరబడి పోయిన పిల్లల కాగితాలు వేరే పెట్టాం. వాళ్లు జూలైలో ఎక్కడున్నారో ఇంచుమించు అక్కడే ఉన్నారు.

23తో బడి అయిపోయింది. ఐదో తరగతి దాటిన ప్రతి పిల్ల పేరు పక్కన ఆఖరి తప్పు రాసి, ఆ రిజిస్టర్ పేజీలు హైస్కూల్‌కు తీసుకున్నాను. ఈ జూన్‌లో ఆరో తరగతి మొదటి పాఠం ఏమిటో నాకు ముందే తెలుసు.

జూలై 2025

పరఖ్ ఫలితాలు వచ్చాయి. దేశం మొత్తం మీద మూడో తరగతిలో 99 వరకు సంఖ్యలను పెరిగే వరుసలోనో తగ్గే వరుసలోనో పెట్టగలిగినవాళ్లు 55 శాతం. ఆరో తరగతిలో 10 వరకు ఎక్కాలు తెలిసినవాళ్లు 53 శాతం. మూడో తరగతి లెక్కల సగటు 60, ఆరుకు వచ్చేసరికి 46, తొమ్మిదికి 37. పైకి వెళ్లేకొద్దీ దిగుతోంది. తొమ్మిదో తరగతి చెప్పే వాణ్ని కాబట్టి ఆ 37 నాకు కొత్త కాదు. సమీకరణంలో x తెలియక ఆగే పిల్లలకంటే అందులో వచ్చిన తీసివేత దగ్గర ఆగే పిల్లలే ఎక్కువ.

కొత్త ఆరో తరగతి చేరింది. రిజిస్టర్ చూసుకుని మొదటి వారంలోనే గుంపులు చేశాను, జూలై దాకా ఆగాల్సిన పని లేకపోయింది. ఈ ఏడాది పేపరులో బస్సు లెక్క ఉంచాం, అంకెలు గుర్తుపట్టే ప్రశ్నలు ఐదో తరగతి నుంచి తీసేశాం, 0.45 పెద్దదా 0.6 పెద్దదా అన్నది, 1/2కు 1/3 కలపడం చేర్చాం. సీడ్ పత్తి ఊళ్లలో గంటను క్రాసింగ్ మొదలయ్యే లోపు రెండు గంటలు చేసి, స్థాన విలువ ఆగస్టుకే ముగించాలని ఒక ప్రతిపాదన ఉంది. ఆ ఊళ్ల టీచర్లే తెచ్చారు. శనివారం మీటింగ్‌లో తేలుస్తాం.